ఇనపకొయ్య కింద ఉప్పు

ఆ రేడియో టవరు బొమ్మ ఇప్పుడు మా వీధిలో ఎక్కడ చూసినా కనబడుతోంది. ఆటోలు ఆగే చోట గోడ మీద, మందుల షాపు అద్దం మీద, చివరికి నేను చేపలు కొనే సందు మొగలో కరెంటు స్తంభానికి కూడా దాని పోస్టరు అంటించారు. నిలువునా రంగు బల్బులు కట్టి తీసిన ఫోటో. కింద బెంగాలీలో పెద్ద అక్షరాలు. ఈ తూర్పు వైపు గాలిలోకి మొదటగా మాటను పంపింది ఇదేనట. ఇన్నేళ్లలో ఒక్క ప్రసారం కూడా మధ్యలో ఆగలేదట. చేపల సంచీ పట్టుకుని ఆ చివరి మాట చదివి, అక్కడే నిలబడి నోరారా తెలుగులో తిట్టాను. చేపలమ్మే ఆవిడ నేను ధర గురించి తిడుతున్నాననుకుని ఇంకో చిన్న చేప సంచీలో వేసింది.

అక్కడితో ఊరుకునేదాన్నే. కానీ మా అబ్బాయి ఆఫీసులో పనిచేసే పిల్ల ఒకతె ఆ ఆదివారం ఇంటికొచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. వారమంతా సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ముందు కూర్చుంటుంది, సెలవు రోజుల్లో పాత కట్టడాలు చూపించే ఏదో సంఘంతో తిరుగుతుంది. టవరుకి పండగ చేస్తున్నది ఆ సంఘమే.

"ఆంటీ, మీరు ఆ టవర్ కిందనే పెరిగిండ్రట గదా! సార్ చెప్పిండు. ఫంక్షన్‌ల మీరు రెండు ముచ్చట్లు చెప్పాలె. మస్తుంటది" అంది.

"నాకా కొయ్య మీద మంచి మాటలేటీ లేవమ్మా" అన్నాను.

"చిన్నప్పటి అల్లరి అయినా చెప్పుండ్రి. జనాలకు గట్లాంటియే ఇష్టం."

ఆ పిల్లకి టీ ఇచ్చి పంపేశాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కానీ ఆ సాయంత్రం కూర పోపులో వేలు కాల్చుకున్నాను, అబ్బాయి మీద అకారణంగా విసుక్కున్నాను. దాని మీద కోపం ఇన్నేళ్లయినా నాలో కొంచెం కూడా తగ్గలేదని నాకు ఆ పూట తెలిసింది.

మేము దాన్ని టవరు అనేవాళ్లం కాదు. ఇనపకొయ్య అనేవాళ్లం. మా రేకుల ఇళ్ల లైనులో ఉన్నవాళ్లంతా శ్రీకాకుళం ఒడ్డు నుంచి హౌరాలో దిగి, గంగ దాటి, గార్డెన్ రీచ్ డాకుల్లో పనికి కుదిరినవాళ్లు. పడవలో తెరచాప కట్టే నిలువు కర్రని కొయ్య అంటారు. అంతకంటే ఎత్తైన నిలువు వస్తువేదీ మా పెద్దవాళ్లు ఎరగరు. అందుకని ఇనుముతో నిలబెట్టినది ఇనపకొయ్య అయింది.

దాని చుట్టూ ముళ్ల కంచె. కంచెకి అవతల గడ్డి, తెల్లటి ఆఫీసు భవనం, పూల కుండీలు. ఇవతల మా రేకుల ఇళ్లు. పొద్దున లేస్తే గంగ బురద వాసన, డాకు గోదాముల్లోని గోనె వాసన, వీటన్నిటి మీదా మా ఇళ్ల ముందు ఆరేసిన నెత్తళ్ల చేపల వాసన. ఆ వాసనకి బెంగాలీ వాళ్లు ముక్కు మూసుకుని నడిచేవాళ్లు. వాళ్ల ఆవనూనె కాగే వాసనకి మేము మూసుకునేవాళ్లం. ఇప్పుడు నేనూ ఆవనూనెతోనే వండుతాను, అది వేరే సంగతి.

ఆ కొయ్యకి అంత దగ్గరగా బతికినందుకు మాకు దక్కిన బహుమానం ఏమిటంటే, మా లైనులో ఇనుమంతా మాట్లాడేది. తుప్పు పట్టిన రెండు ముక్కలు ఆనీ ఆనకుండా ఉన్న చోట సన్నగా పాట వినబడేది. బట్టలారేసే తీగ పాడేది. బాల్చీ చెవి గొణిగేది. అందరికంటే స్పష్టంగా మాట్లాడేది పాయిఖానా తలుపు బందు. లోపల కూర్చున్నవాళ్లకి అందులోంచి వార్తలు వినబడేవి. బయట క్యూలో ఉన్నవాళ్లు "ఏటయ్యింది, ఇంకా అయ్యిపోనేదా?" అని తలుపు బాదితే, లోపలి నుంచి "వార్తలవుతన్నాయి, ఆగు" అని జవాబు వచ్చేది.

ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాల పిల్లల్ని ఆ బందు దగ్గరికి తీసుకెళ్లి, లోపల దెయ్యం ఉందని చెవి పెట్టించడం మాకు ఆట. ఇంకో ఆట కూడా ఉంది. బట్టలారేసే తీగకి తడి చేత్తో తగిలితే వేలి చివర సూదితో పొడిచినట్టు చురుక్కుమనేది. ఐసు ముక్కలమ్మే బెంగాలీ కుర్రాడికి తడి తువ్వాలు ఇచ్చి "దాదా, కాస్త ఆ తీగ మీద వెయ్యవా" అని బతిమాలేవాళ్లం. వాడు ఎగిరి గంతేస్తే మేము పరుగు. 

పిల్లలకి అది ఆట గానీ, మా మామ్మకి రోజూ యుద్ధం. ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి ఆ తీగ మీద ఆరేసేది ఆవిడే. చురుక్కుమన్నప్పుడల్లా కంచె వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెడ పైకెత్తి ఆ కొయ్యని తిట్టేది.

"నీకు తుప్పట్టి కూలిపోను! పొద్దల్లా వాగుతావు గదా, మా మాట ఒక్కటి ఆడినావేటే ఎప్పుడైనా? మా పిల్లల రెక్కల మీద నిలబడి మమ్మల్నే కుడతావేటి?"

ఆవిడ అన్నది నిజమే. రెక్కల సంగతి తర్వాత చెబుతాను. మాట సంగతికొస్తే, అది బెంగాలీ మాట్లాడేది, హిందీ మాట్లాడేది, ఇంగ్లీషు మాట్లాడేది. మా తలుపు బందుల్లోంచి, బాల్చీ చెవుల్లోంచి మా మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. మా మామ్మ ఆ అవమానాన్ని సొంత విషయంగా తీసుకుంది.

మామ్మకి దేవుళ్ల కంటే ఉప్పు మీద నమ్మకం ఎక్కువ. పొయ్యి పక్కన గోధుమరంగు జాడీలో కల్లుప్పు ఉండేది. దాని మూత తీసే హక్కు ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ లేదు. కడుపునొప్పి వస్తే నాలుక మీద ఒక ఉప్పు కల్లు పెట్టేది. దిష్టి తగిలిందనుకుంటే గుప్పెడు ఉప్పు తల చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేది. అది చిటపటమంటే "సూసినావా, ఎంత దిష్టో" అని తృప్తిపడేది. పొద్దున్న సోడంబలి, అంటే రాగి జావ, తాగేటప్పుడు పచ్చి ఉల్లిపాయని కల్లుప్పులో అద్దుకుని కొరికేది. ఆవిడ వండిన నెత్తళ్ల పులుసు బయటివాళ్లు తింటే ముంత నీళ్లు తాగాల్సిందే. మాకు అదే రుచి.

మా నాన్న, చిన్నాన్న ఇద్దరూ ఖలాసీలు. ఓడల కొయ్యలెక్కి తాళ్లు బిగించడం, పలక మీద కూర్చుని ఓడ పక్కలకి రంగు వేయడం వాళ్ల పని. ఇనపకొయ్యకి రంగు వేయాల్సి వచ్చినప్పుడు అంత ఎత్తు ఎక్కే ధైర్యం ఆ ఊళ్లో ఇంకెవరికీ లేక, కాంట్రాక్టరు వచ్చి మా లైనులోనే అడిగేవాడు. మామ్మ అన్న రెక్కలు అవే.

ఆ ఏడు వానలు వెనకబడి, రంగు పని దుర్గాపూజల ముందు దాకా వచ్చింది. దేవీపక్షానికి, అంటే దసరా నవరాత్రులకి, ముందు వచ్చే అమావాస్య తెల్లవారుజామున రేడియోలో చండీపాఠం వస్తుంది. ఈ ఊరంతా చీకట్లోనే లేచి వినే పాఠం అది. బెంగాలీ వాళ్లకి ఆ పాఠంతోనే పూజలు మొదలైనట్టు. ఆ రోజుకి కొయ్య కొత్త రంగులో ఉండాలని ఆఫీసు పట్టుబట్టింది.

పని ఎలా చేసేవాళ్లో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. కొయ్యకి పైన ఒక కప్పీ కట్టేవాళ్లు. కప్పీ మీదుగా కొబ్బరి పీచు తాడు. దాని ఒక కొసకి పలక, పలక మీద రంగు డబ్బాతో నాన్న. రెండో కొస కింద గడ్డి మీద నిలబడ్డ చిన్నాన్న చేతుల్లో. వెనక ఇంకొక మనిషి తాడు తోక పట్టుకునేవాడు గానీ, బరువంతా చిన్నాన్నదే. నాన్న తన తాడుని ఇంకెవరి చేతిలోనూ పెట్టేవాడు కాదు. పైనుంచి నాన్న "హాబేస్!" అంటే పైకి లాగు అని. "ఆరియా!" అంటే దింపు అని. డాకుల్లో అన్ని ఊళ్ల ఖలాసీలకీ ఆ రెండు మాటలూ ఒకటే.

ఆ తాడుని పనికి ముందు నీళ్లలో నానబెట్టడం మా వాళ్ల అలవాటు. పొడి పీచు తాడు చేతిలో జారుతుంది, తడిది పట్టుకుంటుంది. సముద్రం మీద ఓడలో అయితే ఉప్పునీళ్లే దొరుకుతాయి. ఒడ్డున మంచినీళ్లలో నానబెడితే తాడు పుచ్చిపోతుందని మా వాళ్ల నమ్మకం. అందుకని బాల్చీ నీళ్లలో గుప్పెడు కల్లుప్పు వేసేవాళ్లు. ఆ ఉప్పు మామ్మ తన చేత్తో వేయాలి. వేస్తూ గంగమ్మకి దండం పెట్టుకునేది. తాడు పుచ్చకూడదు, కొడుకులకి దిష్టి తగలకూడదు, ఒకే గుప్పెటతో రెండూ అయిపోతాయని ఆవిడ లెక్క.

కొయ్యలో కరెంటు ఉన్నంతసేపు దాన్ని ఎవరూ తాకకూడదు. మధ్యాహ్నం ప్రసారాలు లేని వేళ ఆపేవాళ్లు. మళ్లీ పెట్టే ముందు ఆఫీసు వరండాలో గంట కొట్టేవాళ్లు. గంట వినబడగానే నాన్నని దింపేసి అందరూ దూరంగా వచ్చేయాలి. అదీ ఒప్పందం. రోజూ అలాగే జరిగింది.

ఆ రోజు పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. మధ్యాహ్నం నేనూ మామ్మా అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లి కంచె లోపల గడ్డి అంచున కూర్చున్నాం. మామ్మ ఒళ్లో విస్తరాకులు, మూటలో పచ్చిమిరపకాయలు, ఉప్పు పొట్లం. నాన్న పైన చిన్నగా కనబడుతున్నాడు. చిన్నాన్న కాళ్లు ఎడంగా పెట్టి, తాడు రెండు చేతులా బిగించి పట్టుకుని, నాకేసి చూసి కన్ను గీటాడు.

"ఏటే గుంటా, ఏటి తెచ్చినావు?"

"పులుసు, నెత్తళ్లు."

"నాకు తల్లేని నెత్తళ్లు ఏరి పెట్టు, నీకు రథం మేళాలో బొమ్మ కొంటాను."

రథయాత్ర ఎప్పుడో అయిపోయింది. అది వాడి హాస్యం. నేను నవ్వుతూ క్యారేజీ మూత తీస్తున్నాను.

అప్పుడు కంచె తీగలోంచి మాట వినబడింది. హిందీలో ఎవరో పెద్దమనిషి అన్నదమ్ములారా, అక్కాచెల్లెళ్లారా అంటున్నాడు. ఢిల్లీ నుంచి ఎవరో వచ్చారట, వేళ కాని వేళ ఆయన ప్రసంగం పెట్టారట. ఆ హడావుడిలో గంట కొట్టాలన్న సంగతి గానీ, కొయ్య మీద మనిషి ఉన్నాడన్న సంగతి గానీ ఎవరికీ గుర్తు రాలేదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసిందల్లా, అదే గొంతు చిన్నాన్న గుప్పెట్లోంచి కూడా వినబడుతోందని.

నేను కల్పించి చెప్పడం లేదు. వాడి చేతులకీ తాడుకీ మధ్య నీలంగా నిప్పు బుసబుసమంటోంది. ఆ నిప్పులోంచి పెద్దమనిషి మాట తేటగా వస్తోంది. తోక పట్టుకున్న మనిషి కేకేసి వదిలేసి పారిపోయాడు. ఇప్పుడు నాన్న బరువంతా ఒక్క చిన్నాన్న చేతుల్లో ఉంది. కాలుతున్న చేతుల్లో.

మామ్మ విస్తరాకులు పడేసి లేచింది. "వొదిలీరా! వొదిలీరా నాయనా!" అని అరిచింది.

చిన్నాన్న మొహం తిప్పలేదు. "అన్న మీదున్నాడమ్మా!" అన్నాడు. వాడి గొంతు నేను ఎరిగిన గొంతులా లేదు.

మామ్మ తలెత్తి పైకి చూసింది. పెద్దకొడుకు పలక మీద, చిన్నకొడుకు తాడు కింద. ఆవిడ నోరు తెరిచే ఉంది. ఈసారి వచ్చిన మాట వేరు. "వొదలొద్దురా" అంది. మెల్లగా అంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఒక తల్లి చేత ఆ రెండు మాటలూ వెంటవెంటనే అనిపించిన ఆ కొయ్యని నేను ఎన్నడూ క్షమించను.

ఆవిడ సాయం పట్టడానికి వెళితే చిన్నాన్న కాలు విసిరి "ముట్టుకోకు!" అని తోసేశాడు. పైనుంచి నాన్న "ఆరియా! ఆరియా!" అని కేకలు. ఎక్కడా కాలు పెట్టే చోటు లేని మనిషి ఇంకేం అంటాడు? చిన్నాన్న దింపాడు. వదల్లేదు, చెయ్యి తర్వాత చెయ్యి మార్చుకుంటూ, పద్ధతిగా దింపాడు. మార్చుకున్నప్పుడల్లా నిప్పు ఎగిరేది, మాట గట్టిగా వినబడేది.

గేటు దగ్గరి బిహారీ దర్వాను ఆఫీసుకి పరుగెత్తాడు. వరండాలో ఇస్త్రీ చొక్కాల వాళ్లు నిలబడే ఉన్నారు, మా వైపే చూస్తున్నారు. వాళ్లలో ఒక ఆఫీసు బాబు అరచెయ్యి ఎత్తి వాణ్ని మెట్ల మీదే ఆపేశాడు. "భాషణ్ చోల్‌ఛే" అన్నాడు. ప్రసంగం నడుస్తోంది. మధ్యలో ఎలా ఆపుతారు? ప్రసంగం నడిచింది. దేశం ముందుకు పోవడం గురించి ఆయన ఇంకా చాలా చెప్పాడు.

కాలు నేలకి తగలనంతసేపు నాన్నకి ఏమీ కాలేదు; పలక నేల దాకా వచ్చేసరికి గెంతి దూరంగా పడ్డాడు. అప్పుడు చిన్నాన్న తాడు వదిలి గడ్డి మీద కూర్చున్నాడు. కాలిన కొబ్బరి పీచు వాసన. దానితో కలిసి ఇంకో వాసన కూడా ఉంది, దాని గురించి చెప్పను.

ఆఫీసు వాళ్లు వచ్చారు, ప్రసంగం పూర్తయ్యాక. చిన్నాన్నని అప్పటికే రిక్షాలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారు. వచ్చిన బాబు ముందు తాడు చూశాడు. తర్వాత బాల్చీ చూశాడు. వంగి, నీళ్లలో వేలు ముంచి, నాలుకకి రాసుకుని ఉమ్మేశాడు.

"నూన్!" అన్నాడు. ఉప్పు. ఉప్పునీళ్లు కరెంటుని పిలుస్తాయని బుద్ధిలేని వాళ్లకి ఎవరు చెప్పాలి, ఎవడు వేశాడు ఇందులో ఉప్పు అని బెంగాలీలో గదమాయించాడు.

 కాంట్రాక్టరు మా వైపే చెయ్యి చూపించాడు. మామ్మకి బెంగాలీ పెద్దగా రాదు గానీ, ఆ నాలుక మీది వేలు, ఆ ఉమ్మి చాలు ఎవరికైనా అర్థం కావడానికి. ముందుకొచ్చి నిలబడింది.

"నానేసినాను" అంది.

అంతే. విచారణ అయిపోయింది. గంట కొట్టనివాడి గురించి ఎవరూ అడగలేదు. తప్పు ఉప్పుది. ఉప్పు మామ్మది. ఆ అమావాస్య తెల్లవారుజామున చండీపాఠం అంతరాయం లేకుండా వచ్చింది, ఊరంతా చేతులు జోడించి విన్నారు. మా లైనులో తలుపు బందులు కూడా వినిపించాయి. చిన్నాన్న కట్లతో మంచం మీద ఉన్నాడు.

ఆ రోజు నుంచి మామ్మ ఉప్పు తినలేదు. ఎవరితోనూ చెప్పి మానలేదు. మొదట్లో మేమూ గమనించలేదు. కుండలోంచి తన వాటా ముందే తీసేసుకుని, మిగిలిన దాంట్లో మాకు ఉప్పు వేసేది. తను రుచి చూడదు కదా, అందుకని నన్ను పిలిచేది. "ఒలే, ఇలా రా, ఉప్పు సూడు" అని అరచేతిలో పులుసు చుక్క వేసేది. సరిపోయిందంటే దింపేది, చాల్లేదంటే ఇంకో చిటికెడు వేసేది. ఆ ఇంట్లో ఉప్పు చూసే పని అలా నాకు వచ్చింది.

చిన్నాన్న చేతులు మానాయి గానీ వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. పిడికిలి పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు. తాళ్ల పని పోయింది. డాకు గేటు పక్కన బీడీలు, బిళ్లలు పెట్టుకుని కూర్చునేవాడు. వాడికి అన్నం మామ్మే కలిపి ముద్దలు పెట్టేది. అంత పెద్ద మీసాల మనిషి అమ్మ చేతి ముద్దకి నోరు తెరవడం చూసి మేము నవ్వితే, వాడే ముందు నవ్వేవాడు.

విచిత్రం ఏమిటంటే వాడికి రేడియో మీద పగ లేదు. ఎక్కడో పాతది ఒక ట్రాన్సిస్టరు సంపాదించి, మణికట్టుతో బటను తిప్పి, పొద్దస్తమానం పాటలు వినేవాడు. అది మోగగానే మామ్మ లేచి బయటికి వెళ్లిపోయేది. ఒక మధ్యాహ్నం వాడు ఆవిడ కొంగు మోచేత్తో నొక్కి ఆపాడు.

"అమ్మా, నన్ను కాల్చింది ఉప్పు కాదే. ఆపనోడు కాల్చినాడు. నువ్వెందుకే సప్పిడి తింతావు?"

"నా సేత్తో ఏసినాను గదరా" అంది మామ్మ.

"రోజూ ఏసినావు గదే. రోజూ కాలినానేటి?"

మామ్మ కొంగు లాక్కుని వెళ్లిపోయింది. వాడి మాట వినలేదు. చిన్నాన్న చదువుకోనివాడు, కొడుకు, తల్లిని ఊరడించడానికే అంటాడు అనుకుంది. చొక్కా ఇస్త్రీ చేసుకుని నీళ్లు నాలుక మీద రాసుకుని చూసినవాడి మాటే ఆవిడకి చదువైన మాట. చివరి రోజుల్లో ఆస్పత్రిలో సెలైను పెడుతుంటే "ఇందలేటుంది?" అని అడిగింది. ఉప్పునీళ్లని నర్సు చెప్పింది. మామ్మ చెయ్యి లాగేసుకుంది. మళ్లీ పెట్టడానికి మేము ఆవిడ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఆవిడ పోయాక ప్రతి ఏడూ ఆ అమావాస్యకే పెద్దలకి పెట్టేటప్పుడు ఆవిడకిష్టమైన నెత్తళ్ల పులుసు వండి ఫోటో ముందు పెడతాం. ఉప్పు లేకుండా. పోయినవాళ్ల నియమం మనం తప్పకూడదని మా అమ్మ నేర్పింది. చిన్నాన్న ఫోటో పక్కనే ఉంటుంది. వాడికి వేరే గిన్నెలో ఉప్పు వేసి పెడతాం.

టవరు పండగకి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, వెళ్లకపోతే దాన్ని ఆ పొగడ్తలకే వదిలేసినట్టవుతుందని. మా లైను ఉన్న చోట ఇప్పుడు కార్లు ఆపుతున్నారు. తలుపు బందు పాడే చోట ఫిష్ ఫ్రై అమ్మే బండి ఉంది. కొయ్య నిండా బల్బులు. వేదిక మీద శాలువాల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఎంత గొప్ప గొంతులు ఇక్కడి నుంచి వెళ్లాయో, ఎంత దూరం వెళ్లాయో చెప్పారు. ఒక్క ప్రసారమైనా ఆగలేదన్న మాట ప్రతివాడూ చెప్పాడు, ప్రతిసారీ చప్పట్లు. నా పక్క కుర్చీలో ఆ కరీంనగర్ పిల్ల నా ఫోటోలు తీసుకుంటోంది.

తర్వాత మైకు పట్టుకున్నతను, ఆ తొలి రోజుల మహానుభావుల గౌరవార్థం అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించాలన్నాడు. లేచాం. వెనక మోగుతున్న పాటలు ఆపేశారు. ఫిష్ ఫ్రై బండివాడు కూడా గరిటె పక్కన పెట్టాడు. ఎంత సులువుగా ఆపారో! ఎవరి ప్రాణం మీదకీ రాకపోయినా ఆపారు. నాకు కావలసిన నిమిషం అదే. ఆ మధ్యాహ్నం కావలసిన నిమిషం. వరండాలో అరచెయ్యి ఎత్తి ఇవ్వనన్న నిమిషాన్ని ఇప్పుడు మర్యాద కోసం పంచిపెడుతున్నారు.

నా నోట్లోంచి నాన్న కేక వచ్చింది.

"ఆరియా!"

ఇంత లావు గొంతు నాకుందని నాకే తెలియదు. అందరూ తిరిగి చూశారు. "ఆరియా! ఆరియా!" అని ఇంకా అరిచాను. ఎవరో "మాషీ, చుప్ కొరూన్" అని నన్ను ఊరుకోమన్నారు. ఆ పిల్ల భయపడి నా చెయ్యి పట్టుకుని, మాట్లాడతారని పిలిచినావిడే అని వేదిక వాళ్లకి చెప్పింది. మైకు ఇచ్చారు. బెంగాలీలో, ఈ ఊళ్లో పుట్టినదాని బెంగాలీలో, మొత్తం చెప్పాను. గంట, తాడు, భాషణ్ చోల్‌ఛే, బాల్చీలో వేలు. చప్పట్లు ఒక్కటి వినబడలేదు. మైకతను చక్కని జ్ఞాపకం పంచుకున్నందుకు ధన్యవాదాలని చెప్పి, పాట పాడడానికి ఎవరినో పిలిచాడు. పళ్లు నూరుకుంటూ దిగి వచ్చేశాను.

ఆటో దాకా ఆ పిల్ల నాతో నడిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, ఒక్కటి చెప్తా, ఏమనుకోవద్దు. నేను కాలేజ్‌ల ఎలక్ట్రికలే చదివిన" అంది. "ఆ రోజు పొద్దుగాల వాన పడ్డదన్నరు గదా. తాడు తడిసినంక ఉప్పు ఉన్నా లేకున్నా చేతులు కాలేటియే. ఉప్పుతోని ఏం ఫరక్ పడలే. స్విచ్ బంద్ చెయ్యకపోవుడే తప్పు. మీ నాయనమ్మ తప్పు అసలే లేదు."

 చదువుకున్నవాళ్ల నోట అదే మాట. రోడ్డు మీద, ఆటో కోసం నిలబడి, ఎంత తేలిగ్గా చెప్పేసింది! చిన్నాన్న చెప్పినదే. ఆ వరండాలో ఉన్నవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. ఒక్కడు మెట్లు దిగి వచ్చి చెప్పి ఉంటే ఒక ముసలామె తన చివరి ముద్ద వరకూ చప్పిడి తినేది కాదు. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరి ఆటో ఎక్కాను.

అమావాస్య నాడు చీకటితోనే లేచాను. ఎదురింటి వాళ్ల ఫోనులో చండీపాఠం వస్తోంది. కిటికీ మూసేసి పొయ్యి వెలిగించాను. నెత్తళ్ల తలలు తుంచి, చింతపండు పిసికి, పులుసు మరిగాక జాడీ మూత తీశాను. ఈ మధ్య కల్లుప్పు దొరకడం కష్టమే, అయినా అదే వాడతాను. మామ్మ గిన్నెలో వేశాను.

మా అబ్బాయి కళ్లు నలుపుకుంటూ వచ్చి చూశాడు. "అమ్మా, అది మామ్మది! ఉప్పు ఏసీసినావేటి?"

"ఏసినాను" అన్నాను.

పెద్దలకి పెట్టేదాన్ని ముందు నోట పెట్టుకోకూడదు, ఎంగిలి. కానీ ఆ ఇంట్లో ఉప్పు చూసేదాన్ని నేనే కదా. అరచేతిలో చుక్క వేసుకుని చూశాను. చాల్లేదనిపించి ఇంకో చిటికెడు వేశాను. మళ్లీ చూశాను. సరిపోయింది.

గిన్నె తీసుకెళ్లి మామ్మ ముందు పెట్టాను.